చంటిబిడ్డకు జ్వరం వచ్చినప్పుడు ఇంట్లో చేయవలసినవి, చేయకూడనివి

ఏడాది లోపు బిడ్డకు ఒళ్లు వెచ్చబడగానే ఇంట్లోవాళ్లంతా థర్మామీటరులోని అంకె వైపే చూస్తారు. 100 ఉంటే కుదుటపడతారు, 103 ఉంటే బెంబేలెత్తిపోతారు. పిల్లల వైద్యులు మాత్రం ఆ అంకె కంటే ముందు బిడ్డ వయసెంతో అడుగుతారు. ఆ తర్వాత పాలు ఎలా తాగుతోందో, మెలకువగా ఉన్నప్పుడు తల్లి ముఖం వైపు చూస్తోందో లేదో అడుగుతారు. ఇంట్లో బిడ్డను చూసుకునేవాళ్లు కూడా ఇదే వరుసను అలవాటు చేసుకుంటే అక్కర్లేని కంగారు తగ్గుతుంది, నిజంగా పరుగెత్తవలసిన వేళ ఆలస్యమూ జరగదు.

మొదట వయసు

మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకు మించి జ్వరం ఉంటే ఇంట్లో చేయదగిన వైద్యమేమీ లేదు. అర్ధరాత్రి అయినా సరే, బిడ్డ హుషారుగానే కనిపిస్తున్నా సరే, వెంటనే పిల్లల వైద్యులున్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆ వయసులో రక్తంలోకి, మెదడు పొరలకు, మూత్రనాళాలకు సోకే ఇన్ఫెక్షన్లు మొదట్లో జ్వరం తప్ప వేరే గుర్తేమీ చూపకపోవచ్చు, గంటల వ్యవధిలోనే ముదిరిపోవచ్చు. రెండు నెలల లోపు పసిగుడ్డుకు చంకలో 99.5 డిగ్రీలు దాటినా ప్రమాద సూచనగానే తీసుకోవాలని మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి శిక్షణలో నేర్పుతారు. ఆ వయసులో ఒళ్లు చల్లబడిపోవడం కూడా అంతే ప్రమాదకరం. 95.9 డిగ్రీల కంటే తగ్గి, బిడ్డ పాలు పట్టకుండా ఉంటే దానిని కూడా జ్వరంతో సమానంగా చూడాలి. బయలుదేరే ముందు వైద్యుడు చెప్పకుండా జ్వరం మందు వేయవద్దు. మందుతో జ్వరం దిగినంత మాత్రాన లోపలి జబ్బు తగ్గినట్లు కాదు, పరీక్షించే వైద్యుడికి అసలు పరిస్థితి తెలియకుండా పోతుంది.

మూడు నుంచి ఆరు నెలల మధ్య బిడ్డను అదే రోజు వైద్యుడికి చూపించడం మంచిది, 102 దాటితే మాత్రం తప్పనిసరి. ఆరు నెలలు దాటిన బిడ్డ పాలు తాగుతూ, మధ్యమధ్యలో ఆడుకుంటూ ఉంటే ఒక రోజు ఇంట్లో కనిపెట్టుకుని చూడవచ్చు. ఇకపై చెప్పేదంతా ప్రధానంగా ఈ వయసు బిడ్డల గురించే.

జ్వరం ఎలా చూడాలి

నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే ఒళ్లు వెచ్చగా ఉందని తెలుస్తుంది కానీ ఎంత ఉందో తెలియదు. మన చెయ్యి చల్లగా ఉంటే మామూలు ఒళ్లు కూడా కాలిపోతున్నట్లే అనిపిస్తుంది. మందుల షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. పాదరసం ఉన్న గాజు థర్మామీటరు పగిలితే ప్రమాదం కనుక చంటిబిడ్డ దగ్గర దానిని వాడకూడదు. నుదుటికి ఎదురుగా పట్టి చూసే పరికరాలు ఫ్యాను గాలికి, చెమటకు తప్పు చూపిస్తాయి, వాటి మీద ఆధారపడి నిర్ణయాలు తీసుకోవద్దు.

బిడ్డ చంకను పొడి గుడ్డతో తుడిచి, థర్మామీటరు కొన చంక మధ్యలో లోతుగా, చర్మానికి ఆనేలా పెట్టి, చెయ్యిని బిడ్డ పక్కకు చేర్చి, బీప్ శబ్దం వచ్చేవరకు కదలకుండా పట్టుకోవాలి. కొన చొక్కాకు తగిలినా, చంక వెనక నుంచి బయటకు పొడుచుకువచ్చినా డిగ్రీ తక్కువ చూపిస్తుంది. తల్లి ఒడిలో పడుకోబెట్టుకుని పాలిస్తున్నప్పుడు పైకి ఉన్న చంకలో పెడితే బిడ్డ పెనుగులాడకుండా చూసుకోవచ్చు. చంకలో వచ్చే అంకె ఒంటి లోపలి వేడి కంటే కొంచెం తక్కువగా ఉంటుంది. అందుకని మీరే ఒక డిగ్రీ కలిపి చెప్పకండి, ‘చంకలో 100.8 ఉంది’ అని ఉన్నది ఉన్నట్లు చెబితే వైద్యుడు అర్థం చేసుకుంటాడు.

ఎండాకాలంలో ఇంకో సంగతి కూడా గమనించాలి. పొత్తిగుడ్డలు, స్వెట్టరు, తలకు టోపీ చుట్టి గాలి ఆడని గదిలో పడుకోబెట్టిన బిడ్డ ఒళ్లు జబ్బు లేకుండానే వేడెక్కుతుంది. అవన్నీ తీసేసి, పలుచటి నూలు చొక్కా ఒకటి ఉంచి, పాలు ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. అప్పటికీ తగ్గకపోతే అది జ్వరమే.

చూసిన ప్రతిసారీ టైము, డిగ్రీలు, ఇచ్చిన మందు, అది ఎన్ని ఎంఎల్ అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టండి. రాత్రి తల్లి, పగలు అమ్మమ్మ, సాయంత్రం తండ్రి చూసుకునే ఇళ్లలో ఒకే మందు రెండుసార్లు పడకుండా కాపాడేది ఆ కాగితమే.

బిడ్డను చూడాలి

జ్వరం మందు వేసి, అది దిగిన గంట తర్వాత బిడ్డ ఎలా ఉందన్నది చాలా విలువైన సమాచారం. 103 జ్వరంలో డస్సిపోయి పడుకున్న బిడ్డ, 100కి దిగగానే కళ్లు తెరిచి బొమ్మ కోసం చెయ్యి చాస్తే మనసు కాస్త కుదుటపరచుకోవచ్చు. జ్వరం దిగినా మగతగానే ఉండి, పిలిచినా పలకరించినా స్పందన లేకపోతే, థర్మామీటరు 99 చూపించినా ఆసుపత్రికి వెళ్లాలి.

ఊపిరి లెక్కపెట్టడం ప్రతి ఇంట్లోనూ నేర్చుకోవలసిన పని. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడో నిద్రలో ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి అనుకుంటూ నిమిషం పాటు లెక్కపెట్టాలి. చిన్నపిల్లల ఊపిరి ఒక వరుసలో ఉండదు కాబట్టి పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది వరకు 50, ఏడాది దాటితే 40, లేదా అంతకు మించి ఉంటే న్యుమోనియా అయి ఉండవచ్చు. జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు ఊపిరి కొంత వేగంగానే ఆడుతుంది, అది దిగాక ఇంకోసారి లెక్కపెట్టండి. డొక్కలు ఎగరేస్తుంటే, అంటే గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింది భాగం లోపలికి పోతుంటే, లేదా ఊపిరితో పాటు మూలుగు వినిపిస్తుంటే, ఇక లెక్కతో పని లేదు, వెంటనే బయలుదేరాలి.

పాలు, తిండి, బట్టలు

జ్వరంలో ఒంట్లో నీరు మామూలు కంటే త్వరగా తరిగిపోతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలే నీరు, తల్లిపాలే ఆహారం. విడిగా నీళ్లు, గ్లూకోజు నీళ్లు పట్టనక్కర్లేదు. నీరసంగా ఉన్న బిడ్డ ఒకేసారి ఎక్కువ తాగలేదు కాబట్టి కొంచెం కొంచెంగా, మాటిమాటికీ ఇవ్వాలి. ముక్కు దిబ్బడ వల్ల పాలు పట్టలేకపోతుంటే, పాలిచ్చే ముందు మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు ముక్కులో వేసి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలావరకు సర్దుకుంటుంది. తల్లి చన్నీళ్లు తాగినందుకో, పెరుగు తిన్నందుకో బిడ్డకు జ్వరం రాదు. ఆ భయంతో బాలింతకు పథ్యం పెట్టి పాలు తగ్గిపోయేలా చేయకండి.

ఆరు నెలలు దాటిన బిడ్డకు పాలతో పాటు పలుచటి రాగిజావ, మెత్తగా చిదిమిన పప్పన్నం, పెరుగన్నం, కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వవచ్చు. వద్దని మొహం తిప్పుకుంటే బలవంతంగా కుక్కవద్దు, ఆ ఒకటి రెండు రోజులు తిండి తగ్గినా నష్టం లేదు, నీళ్లూ పాలూ తగ్గకూడదు. విరేచనాలు కూడా ఉంటే ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి, ప్రతి విరేచనం తర్వాత చెంచాతో పట్టాలి. ఓఆర్‌ఎస్‌ను తలపించే డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు దానికి బదులు కావు.

బిడ్డకు నీరు సరిపోతోందో లేదో ఉచ్చ చెబుతుంది. ఆరేడు గంటలుగా బట్ట తడవకపోతే, నాలుక ఎండితే, ఏడ్చినా కన్నీళ్లు రాకపోతే ఇంట్లో ఆగకూడదు.

బట్టలు పలుచగా ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి, ఫ్యాను వేసుకోవచ్చు. జ్వరం ఎక్కేటప్పుడు అరికాళ్లు, అరచేతులు చల్లబడి బిడ్డ వణుకుతుంది, ఆ కాసేపు ఒక దుప్పటి కప్పి, వణుకు తగ్గగానే తీసేయాలి. ‘చెమట పడితే జ్వరం దిగుతుంది’ అని రెండు మూడు దుప్పట్లు కప్పితే వేడి బయటకు పోయే దారి లేక జ్వరం ఇంకా పైకి పోతుంది.

పారాసిటమాల్: సీసా మీది అంకె చదవకుండా ఇవ్వవద్దు

జ్వరం అన్నది సూక్ష్మక్రిములతో ఒళ్లు చేసే పోరాటంలో భాగం. దానిని 98.6కి దించడం మన లక్ష్యం కాదు. బిడ్డ చిరాకు, ఒళ్లునొప్పులు తగ్గి పాలు తాగగలిగితే చాలు. 100.5 ఉన్నా ఆడుకుంటున్న బిడ్డకు మందు అక్కర్లేదు, నిద్రపోతున్న బిడ్డను మందు కోసం లేపనక్కర్లేదు.

ఇవ్వవలసి వచ్చినప్పుడు మొదటి మందు పారాసిటమాల్. మోతాదు నిర్ణయించేది బరువు: కిలోకు 15 మిల్లీగ్రాములు. ఒక మోతాదుకూ మరో మోతాదుకూ మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు ఉండాలి, 24 గంటల్లో నాలుగుసార్లకు మించకూడదు. టీకాల కార్డు మీద రాసిన చివరి బరువు చూసుకోండి, అది పాతదైతే అంగన్‌వాడీలో మళ్లీ తూయించండి.

ఇంతవరకు తేలికే, తప్పులు జరిగేది దీని తర్వాతే. మన దగ్గర ఇదే మందు చుక్కల రూపంలో ఒక ఎంఎల్‌లో 100 మిల్లీగ్రాములు, సిరప్‌గా 5 ఎంఎల్‌లో 120 లేదా 125, ఇంకో సిరప్‌గా 5 ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాములు ఉండేలా దొరుకుతుంది. అట్ట మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది, ఈ అంకె చిన్న అక్షరాలతో ఉంటుంది. ఎనిమిది కిలోల బిడ్డకు 120 మిల్లీగ్రాములు కావాలి అనుకుందాం. చుక్కల మందు అయితే అది 1.2 ఎంఎల్. 120 సిరప్ అయితే 5 ఎంఎల్. 250 సిరప్ అయితే సుమారు 2.4 ఎంఎల్. ‘పోయినసారి ఐదు ఎంఎల్ ఇచ్చాం కదా’ అని చుక్కల మందు 5 ఎంఎల్ పోస్తే బిడ్డ లోపలికి 500 మిల్లీగ్రాములు పోతాయి, అంటే కావలసిన దానికి నాలుగు రెట్లకు పైగా. పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది, ఆ సంగతి మొదటి రోజు పైకి కనిపించకపోవచ్చు. పొరపాటున ఎక్కువ పడిందని తెలిస్తే, బిడ్డ బాగానే ఉన్నా సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లాలి.

వైద్యుడు చీటీ రాసేటప్పుడు ‘ఎన్ని ఎంఎల్, ఏ బలం ఉన్న సీసా’ అని రెండూ అడిగి రాయించుకోండి. షాపువాడు వేరే కంపెనీది ఇస్తే ఆ సీసా మీది అంకె చీటీతో సరిపోల్చుకున్నాకే తీసుకోండి. మందును బాగా కుదిపి, సీసాతో వచ్చిన డ్రాపరుతోనో సూది లేని సిరంజితోనో కొలవాలి, వంటింటి చెంచాతో కాదు. ఒక సీసా డ్రాపరును ఇంకో సీసాకు వాడకూడదు. బిడ్డ తల కొంచెం ఎత్తి పట్టుకుని, బుగ్గ లోపలి వైపుకు కొద్దికొద్దిగా వదలాలి. వెల్లకిలా పడుకోబెట్టి ముక్కు మూసి పోయడం వల్ల మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పావుగంటలోపు అంతా కక్కేస్తే ఒకసారి తిరిగి ఇవ్వవచ్చు, ఆ తర్వాత కక్కితే తర్వాతి మోతాదు టైము వరకు ఆగాలి.

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది ఇంకా ముఖ్యం. అమెరికాలో చంటిపిల్లల పారాసిటమాల్‌ను, అక్కడి పేరు అసిటమినోఫెన్, 2011 నుంచి 5 ఎంఎల్‌లో 160 మిల్లీగ్రాములు ఉండేలా తయారుచేస్తున్నారు. బ్రిటన్‌లో చంటిపిల్లల సిరప్‌లో 120 ఉంటుంది. పురుటికి వచ్చిన అమ్మమ్మ ఇండియా నుంచి తెచ్చిన చుక్కల సీసా, అక్కడి డాక్టరు చెప్పిన ఎంఎల్ లెక్క కలిస్తే మోతాదు మూడు నాలుగింతలవుతుంది. ఏ దేశం డాక్టరు చెప్పిన లెక్కను ఆ దేశంలో కొన్న సీసాకే వాడండి.

జలుబు చుక్కల్లో కూడా చాలావాటిలో పారాసిటమాల్ కలిపి ఉంటుంది, రెండూ వేస్తే మోతాదు రెట్టింపవుతుంది. ఆ చుక్కల్లో సాధారణంగా కలిపే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ జంటను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడవద్దని 2023లో మన ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు, పెద్దల కోసం ఇంట్లో ఉన్న ఆ మాత్రను విరిచి ఇవ్వకూడదు. ఆస్పిరిన్ కూడా పిల్లలకు ఇవ్వకూడదు. ఐబూప్రొఫెన్ ఆరు నెలల లోపు బిడ్డకు పనికిరాదు, డెంగీ అనుమానం ఉంటే ఏ వయసులోనూ పనికిరాదు. పోయిన జ్వరానికి మిగిలిన యాంటీబయాటిక్ సీసాను మళ్లీ తెరవకండి. పిల్లల జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. జ్వరం త్వరగా దిగాలని పక్కవీధి ఆర్‌ఎంపీ దగ్గర పేరు తెలియని సూదిమందు వేయించడం కూడా మానుకోవాలి.

తడిగుడ్డ, ఇంటి చిట్కాలు

తడిగుడ్డతో తుడవడం తప్పనిసరి కాదు. చేయదలిస్తే పారాసిటమాల్ ఇచ్చిన అరగంట తర్వాత, గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లంతా తుడవాలి, బిడ్డ వణికినా ఏడ్చినా ఆపేయాలి. చన్నీళ్లు, ఐసు వాడితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి లోపలే నిలిచిపోతుంది. స్పిరిట్‌తో తుడిస్తే అది చర్మం గుండా, ఊపిరి గుండా ఒంట్లోకి పోతుంది.

పెద్దవాళ్లు దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, దానివల్ల హాని లేదు, ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం కానంత వరకే. వస అరగదీసి నాకించడం, ఉగ్గుగిన్నెతో ఆముదం పోయడం, ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించడం మాత్రం వద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లల పేగుల్లో విషాన్ని పుట్టించి కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. కర్పూరం కలిపిన నూనె గుండెల మీద రుద్దితే ఫిట్స్ రావచ్చు. సాంబ్రాణి పొగ ఊపిరాడని బిడ్డకు ఇంకా కష్టం. కడుపు మీద వాతలు పెట్టడం ఏ కారణంతోనూ క్షమించదగిన పని కాదు, ఎవరు చెప్పినా ఆపండి.

‘పళ్లు వస్తున్నాయి, అందుకే జ్వరం’ అన్న మాట వల్ల ఎన్నో జబ్బులు ఆలస్యంగా బయటపడుతుంటాయి. పళ్లు వచ్చేటప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడవచ్చు కానీ 100.4 దాటదు. దాటితే వేరే కారణం వెతకాలి. జలుబు, దగ్గు, విరేచనాలు ఏవీ లేకుండా జ్వరం మాత్రమే ఉన్న చంటిబిడ్డల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, మూత్రంలో ఇన్ఫెక్షన్ తరచుగా కనిపిస్తుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే మూత్ర పరీక్ష చేయించాలా అని వైద్యుడిని అడగండి.

టీకా తర్వాత వచ్చే జ్వరం

6, 10, 14 వారాల్లో వేసే పెంటావాలెంట్ టీకా తర్వాత ఆ రాత్రికి జ్వరం రావడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మూడు నెలల లోపు బిడ్డ గురించి మొదట చెప్పిన నియమానికి ఈ జ్వరం ఒక్కటే మినహాయింపు. టీకా వేసినప్పుడే ఏఎన్‌ఎంను జ్వరం మందు మోతాదు అడిగి కార్డు మీద రాయించుకోండి. రెండు రోజులు దాటినా తగ్గకపోతే, లేదా ఆ లోపే బిడ్డ పాలు మానేస్తే టీకా జ్వరమేలే అని కూర్చోవద్దు. తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు, రుబెల్లా టీకాకు జ్వరం వస్తే వారం పది రోజుల తర్వాత వస్తుంది.

ఫిట్స్ వస్తే

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో కొందరికి జ్వరంతో పాటు ఫిట్స్ వస్తాయి. చూడటానికి భయంకరంగా ఉన్నా ఎక్కువ భాగం కొద్ది నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి, తర్వాత బుద్ధిమాంద్యం వస్తుందన్న భయం అక్కర్లేదు. బిడ్డను చదునైన చోట పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర బట్ట వదులు చేసి, గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, మందు ఏవీ పెట్టకూడదు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఏమీ జరగదు. చేతులూ కాళ్లూ గట్టిగా అదిమి పట్టుకోవద్దు. ఐదు నిమిషాలకు ఆగకపోతే, లేదా ఒకసారి ఆగి మళ్లీ వస్తే 108కి ఫోన్ చేయాలి. మొదటిసారి వచ్చిన ఫిట్స్ ఆగిపోయినా అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి. ఆరు నెలల లోపు బిడ్డకు ఫిట్స్ వస్తే దానిని జ్వరం ఫిట్స్ అనుకోవడానికి వీల్లేదు, ఒక్క క్షణం కూడా ఆగకూడదు.

ఇక ఇంట్లో ఉంచకూడని స్థితి

పాలు అసలు పట్టకపోవడం, తాగినదంతా కక్కేయడం, లేపినా లేవని మగత, ఆపకుండా సన్నటి గొంతుతో ఏడవడం, పెదవులు నీలంగా మారడం, నడినెత్తి మీది మెత్తటి మాడు ఉబ్బెత్తుగా లేవడం లేదా గుంటపడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెళ్లిపోవాలి. ఒంటి మీద ఎర్రటి మచ్చలు వస్తే గాజు గ్లాసు అడుగును వాటి మీద అదిమి చూడండి, అదిమినా రంగు పోకపోతే అది చర్మం కింద రక్తస్రావం కావచ్చు. 104 చేరిన జ్వరాన్ని, మూడు రోజులైనా దిగని జ్వరాన్ని, ఒకరోజు పూర్తిగా తగ్గి మళ్లీ వచ్చిన జ్వరాన్ని వైద్యుడు చూడాలి. గుర్తులేమీ కనిపించకపోయినా, మీ మనసుకు ‘ఈసారి బిడ్డ తేడాగా ఉంది’ అనిపిస్తే అదే చాలు. రోజూ ఒళ్లో పెట్టుకుని చూసే తల్లి అలా అన్నప్పుడు మంచి వైద్యులు తేలిగ్గా తీసుకోరు.

వానలు మొదలైన దగ్గర నుంచి చలికాలం వచ్చేవరకు డెంగీని మనసులో పెట్టుకోవాలి. ఆ జబ్బులో అసలు గండం జ్వరం దిగేటప్పుడు, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య వస్తుంది. జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునే ఆ సమయంలోనే బిడ్డ కాళ్లూ చేతులూ చల్లబడటం, మాటిమాటికీ కక్కడం, ముక్కు నుంచి గానీ చిగుళ్ల నుంచి గానీ రక్తం రావడం గమనించాలి. పాడేరు, భద్రాచలం వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఉన్నవాళ్లు, అక్కడికి వెళ్లి వచ్చినవాళ్లు మొదటి రోజే ఆశా కార్యకర్త దగ్గర మలేరియా రక్తపరీక్ష చేయించాలి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు టీకాల కార్డు, జ్వరం రాసిన కాగితం, ఇచ్చిన మందుల సీసాలు అన్నీ పట్టుకెళ్లండి. దారిలో తల్లి పాలివ్వడం ఆపకూడదు. బిడ్డను ఒంటికి హత్తుకుని కూర్చోవాలి తప్ప దుప్పట్లలో చుట్టకూడదు.

జ్వరం పోయాక బిడ్డకు ఆకలి తిరిగి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అన్నం తినే వయసు బిడ్డకు ఆ తర్వాత రెండు వారాల పాటు రోజూ ఒక పూట అదనంగా, ఒక చెంచా నెయ్యి కలిపి పెడితే తరిగిన బరువు తిరిగి వస్తుంది. జ్వరం వల్ల టీకా తేదీ దాటిపోతే కార్డు తీసుకుని తర్వాతి టీకాల రోజున వెళ్లండి. మొదటి నుంచి మళ్లీ వేయించనక్కర్లేదు, ఆగిన చోటి నుంచి వేస్తారు.